ఒళ్లు తగ్గింది, చలి పట్టుకుంది

బరువు తగ్గిన మనిషి ఇంట్లో మొదటి తగువు ఫ్యాను దగ్గర వస్తుంది. నిన్నమొన్నటి దాకా రెగ్యులేటర్ ఐదు మీద ఉంటే తప్ప కన్నంటుకోని ఆయన ఇప్పుడు అర్ధరాత్రి లేచి రెండుకి తిప్పుతాడు. కాసేపటికి ఆవిడ లేచి మళ్లీ నాలుగు చేస్తుంది. తెల్లారేసరికి ఆయన రగ్గు ముసుగుతన్ని ముడుచుకుని ఉంటాడు, పిల్లలు చెమటకి తడిసిపోయి ఉంటారు. సంక్రాంతి చలిలో ఇలా జరిగితే ఎవరూ పట్టించుకోరు. ఉగాది దాటాక కూడా ఇదే తంతు నడుస్తుంటే ఇంట్లో వాళ్లకి అనుమానం మొదలవుతుంది.

ఉద్దానం ప్రాంతంలోని కంచిలిలో ఒక రిటైర్డు మాస్టారిది ఇదే కథ. షుగరు ఉందని తేలగానే పట్టుబట్టి 86 కిలోల నుంచి 68కి దిగారు, ఆరు నెలలు తిరక్కుండానే. షుగరు లొంగింది. మోకాళ్లు మెట్ల దగ్గర మొరాయించడం మానేశాయి. పెళ్లిళ్లలో ఎదురైన ప్రతివాళ్లూ "ఏం చేశారండీ, మాకూ చెప్పండి" అని వెంటపడ్డారు. సోంపేట నుంచి చూడ్డానికి వచ్చిన వాళ్లప్ప మాత్రం గుమ్మంలోనే నొచ్చుకుంది.

"ఏటి తమ్ముడూ, ఇలాగ సిక్కిపోనావు? ఒంట్లో బాగుందా?"

"ఒల్లు బాగానే ఉందప్పా, సలికే ఆగనేకపోతన్నాను."

క్లాసులో ముప్ఫై ఏళ్లు పుస్తకం భాష మాట్లాడినా అప్ప ఎదురుపడితే ఉద్దానం మాటే వస్తుంది మరి.

ఆ అప్ప భయంలో అర్థం ఉంది. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ఈ ప్రాంతంలో మనిషి చిక్కిపోతే ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. మాస్టారి ధీమాలోనూ అర్థం ఉంది. ఆయన కష్టపడి తగ్గించుకున్న బరువది. ఇద్దరిలో ఎవరి మాట మీకు వర్తిస్తుందో తేల్చుకోవడానికి ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. ఈ బరువు నేను తగ్గించుకున్నానా, నా ప్రమేయం లేకుండా పోయిందా?

తిండి మార్చి, నడిచి, తూకం చూసుకుంటూ తగ్గించుకున్నవాళ్లు ఇక్కడి నుంచి వరసగా చదవండి. మామూలుగానే తింటున్నా, లేదా ఆకలి చచ్చిపోయి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో ఇరవయ్యో వంతు పోయినవాళ్లకి, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు జారిపోయినవాళ్లకి, వంటింటి సలహాలతో ఇప్పుడే పని లేదు. వాళ్లు నేరుగా ఈ అధ్యాయం చివర ఉద్దానం గురించి రాసిన భాగానికి వెళ్లండి.

వేడి ఎటు పోయింది

చర్మం కింద ఉండే కొవ్వు పొర ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. కండలోంచి వేడి దాటినంత సులువుగా కొవ్వులోంచి దాటదు. పద్దెనిమిది కిలోలు దిగితే ఆ పొర పలచబడక తప్పదు. అది పలచబడాలనే కదా ఇంత అవస్థ పడింది. దానికి తోడు, 86 కిలోల ఒళ్లు ఊరికే కూర్చున్నా 68 కిలోల ఒంటికన్నా ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. కూర్చున్నప్పుడు చేసే ఆ ఖర్చంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఒళ్లు చిన్నదయితే పుట్టే వేడీ తక్కువే. ఈ రెండు కారణాల వల్ల పెరిగే చలి కొద్దిగానే ఉంటుంది. దానికి అలవాటు పడిపోతారు కూడా.

పళ్లు కటకటలాడే చలికి కారణం వేరే ఉంది. తిండి ఒక్కసారిగా కోసేస్తే శరీరం, సంపాదించే మనిషికి జీతం ఆగిపోయిన ఇంట్లో ఇల్లాలిలా, పైపై ఖర్చులన్నీ ముందు ఆపేస్తుంది. గుండెకీ మెదడుకీ రక్తం తగ్గించలేదు కాబట్టి వేళ్లకీ పాదాలకీ తగ్గిస్తుంది. థైరాయిడ్ గ్రంథి ఇచ్చే టీ4 హార్మోనును చురుకైన టీ3గా మార్చే పని నెమ్మదిస్తుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను పడిపోవడంతో నిల్వలు అడుగంటుతున్నాయన్న కబురు మెదడుకి చేరుతుంది. నాడి వేగం తగ్గుతుంది. చాలామంది ఈ దశలో భయపడి థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటారు, టీఎస్‌హెచ్ నార్మల్ అని వస్తుంది. రిపోర్టు తప్పు కాదు, చలీ అబద్ధం కాదు. గ్రంథికి జబ్బేమీ లేదు. ఒళ్లు పొదుపు చేస్తోంది, అంతే.

దీన్ని దగ్గరుండి చూసి రాసిపెట్టినవాడు ఆన్సెల్ కీస్. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఆకలితో ఎండిపోయిన యూరప్ జనానికి యుద్ధం తర్వాత తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఉద్దేశం. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న యువకులు 36 మంది తమంతట తాము ముందుకొచ్చారు. 1945లో 24 వారాలపాటు వాళ్లకి రోజుకి సగటున 1,570 కేలరీల తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. దుంపలు, రొట్టె, మెకరోని లాంటివే ఆ తిండి. ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం చేసే ఖర్చు 40 శాతం దాకా పడిపోయింది. నడి వేసవిలో, జులై నెలలో, ఆ కుర్రాళ్లు రాత్రిళ్లు అదనంగా దుప్పట్లు అడిగారు. కాఫీ పొగలు కక్కుతూ ఉంటేనే తాగారు. ఈ వివరాలన్నీ 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి.

1,570 కేలరీలన్న ఆ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. అర్ధాకలి ఎలా ఉంటుందో చూడ్డానికి పెట్టిన తిండి అది. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే డైట్ చార్టుల్లో వెయ్యి దాటనివి బోలెడు. వాటిని పంపేవాళ్లు కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెడతారు.

మళ్లీ కడుపునిండా తిండి మొదలుపెట్టాక ఆ యువకులు కోలుకున్నారు. కాకపోతే నెలలు పట్టింది. అందరికీ పూర్తిగా వెనక్కి వస్తుందని కూడా చెప్పలేం. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల శరీరాలు అప్పటికీ, ఆ ఒంటికి ఉండాల్సిన ఖర్చుకన్నా రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువే వాడుతున్నాయి. వాళ్లు పదుల కిలోలు శరవేగంగా కరిగించుకున్నవాళ్లు, కాబట్టి మనందరికీ అదే జరుగుతుందని కాదు. తొందరపడితే శరీరం ఎంతకాలం గుర్తుపెట్టుకోగలదో మాత్రం తెలుస్తుంది.

మాస్టారి కంచం

మాస్టారు తాను చక్కగా తింటున్నాననే అనుకున్నారు. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం. తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు, చట్నీ లేదు, పలచటి సాంబారు. పదకొండింటికి పాలు లేని టీ. మధ్యాహ్నం అన్నం పూర్తిగా మానేసి పెద్ద గిన్నెడు సొరకాయో బీరకాయో, ఉప్పు కారం తప్ప నూనె చుక్క తగలకుండా ఉడికించింది. పక్కన గరిటెడు పప్పు, గ్లాసుడు నీళ్ల మజ్జిగ. రాత్రి ఏడింటికల్లా రెండు పుల్కాలు, మధ్యాహ్నం మిగిలిన కూర. కంచం నిండుగా కనబడుతుంది, పొట్ట బరువుగానే ఉంటుంది, అందుకే మోసపోతాం. కూడి చూస్తే రోజంతటికీ 900 కేలరీల చుట్టుపక్కల తేలింది. మాంసకృత్తులు 30 గ్రాముల లోపే. దీని మీద గంట నడక.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి ఒంటి బరువులో కిలోకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 68 కిలోల మాస్టారికి అది 56 గ్రాములు. పెద్దగా ఒళ్లు అలవని పని చేసే మగవాళ్లకి శక్తి రోజుకి దాదాపు 2,100 కేలరీలు. బరువు తగ్గాలనుకునేవాళ్లు అందులో నాలుగైదు వందలు కోసుకోవచ్చు. సగానికి పైగా కోస్తే, పొద్దున్నే ట్యాప్ కింద చెయ్యి పెట్టగానే చురుక్కుమంటుంది.

కిడ్నీల పనితీరు చెప్పే ఆయన క్రియాటినిన్, మూత్రపరీక్ష రిపోర్టులు బాగున్నాయని చూశాకే కంచం మార్చే మాట ఎత్తాం. ఉద్దానంలో ఈ వరస తప్పకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మాంసకృత్తులు పెంచాలి. వాటిని అరిగించుకోవడానికే శరీరం, వాటిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం వేడిగా ఖర్చు పెడుతుంది. అన్నం, రొట్టె లాంటి పిండి పదార్థాలకి ఆ ఖర్చు 5 నుంచి 10 శాతం. నూనె, నెయ్యికి 3 శాతం లోపే. పప్పూ గుడ్డూ చేపా తిన్న పూట ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించేది ఇందుకే. గుడ్డుకి 6 గ్రాములు, కప్పు గట్టి పెరుగుకి 6 గ్రాములు, చిక్కటి పప్పు కప్పుకి మరో 6, 7 గ్రాములు. వంద గ్రాముల చేప అయితే ఒక్కటే 20 దాకా ఇస్తుంది. సముద్రం పక్కన పెట్టుకుని ఉడికించిన సొరకాయతో సరిపెట్టుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. మెత్తళ్లు, ఎండు చేపలు కూడా మంచివే గానీ బీపీ ఉన్నవాళ్లు ఉప్పు చూసుకోవాలి. చేప ముట్టనివాళ్లకి ఉలవలు, పెసలు, వేరుశనగ గింజలు ఉన్నాయి. పలాస జీడిపప్పు చిన్న పిడికెడు 160 కేలరీల పైమాటే, అందులో 5 గ్రాముల మాంసకృత్తులు. బరువు తగ్గేటప్పుడు మనం దూరం పెట్టిన ఆ జీడిపప్పే ఇప్పుడు పనికొస్తుంది.

మాస్టారి పొద్దుటి ఇడ్లీల పక్కన రెండు ఉడికించిన గుడ్లు చేరాయి. మధ్యాహ్నం కూరలో రెండు చెంచాల నూనె, ఒక కప్పు అన్నం, పప్పు గరిటె నుంచి కప్పుకి పెరిగింది. నీళ్ల మజ్జిగ పోయి పెరుగొచ్చింది. సాయంత్రం చోడంబలి (రాగి అంబలి), అందులో మజ్జిగ, ఒక ఉల్లిపాయ. అంబలి ఆరోగ్యమే గానీ షుగరు ఉన్నవాళ్లకి లోటాలు లోటాలు పనికిరాదు, చోళ్లు కూడా పిండి పదార్థమే కదా. ఇవన్నీ ఒక్కరోజులో పెట్టలేదు. వారానికి 150, 200 కేలరీల చొప్పున పెంచుతూ, అన్నం తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ వెళ్లారు.

అన్నం మళ్లీ మొదలుపెట్టిన మొదటి వారం తూకం కిలో పెరుగుతుంది. అక్కడే సగం మంది బెదిరిపోయి పాత చార్టుకి పరిగెడతారు. ఒంట్లో పిండి పదార్థం నిల్వ చేరినప్పుడు గ్రాముకి మూడు గ్రాముల దాకా నీరు దానితో చేరుతుంది. పెరిగింది నీరే, కొవ్వు కాదు. మూడు నాలుగు వారాల తూకం చూసి గానీ నిర్ణయం తీసుకోకండి.

వీరమాచినేని రామకృష్ణ గారి పద్ధతిలో అన్నం మానేసి కొబ్బరినూనె తాగినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. కొబ్బరి పెరట్లోనే కాసే ఊళ్లలో అది త్వరగా నచ్చడంలో ఆశ్చర్యం లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారి మాట విని ఉప్పు మానేసినవాళ్లు, ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలకి మారినవాళ్లూ ఉన్నారు. ఎవరిది గొప్పో తేల్చే పని నేను పెట్టుకోను. ఎవరి దారిలో వెళ్లినా వారానికి అర కిలో, మహా అయితే కిలో. అంతకన్నా వేగంగా దిగుతుంటే చలి కూడా దాంతో పాటే వస్తుందని ముందే అనుకోండి.

పనిలో పని, అయ్యప్ప మాల వేసుకునేవాళ్లకి ఒక మాట. 41 రోజులు ఒంటిపూట భోజనం, రెండు పూటలా చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. అదీ కార్తీకం నుంచి పుష్యం దాకా, ఏడాదిలో చలి ముదిరే రోజుల్లోనే. అప్పటికే బరువు బాగా తగ్గించుకుని ఉన్నవాళ్లు దీక్షలో మరో నాలుగు కిలోలు పోగొట్టుకుంటే, సంక్రాంతికి భోగిమంట దగ్గర నుంచి కదల్లేరు. రాత్రి అల్పాహారం మానకండి, అందులో పాలో పప్పో ఉండేట్టు చూసుకోండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు మాల వేసుకునే ముందే డాక్టరుకి చెప్పాలి.

కండ

త్వరగా తగ్గిన బరువులో కొవ్వే కాదు, కండ కూడా పోతుంది. వేడి పుట్టించే పెద్ద యంత్రాంగం అదే. చలికి మనం వణికేది కూడా కండలతోనే. డిసెంబరు పొద్దున ఉద్దానంలో ఏ కొబ్బరి కళ్లం దగ్గరికైనా వెళ్లి చూడండి. నేలలో నిలబెట్టిన ఇనప మొన మీద కాయని పొడిచి, ఒక్క మెలితో పీచు విరిచి, మళ్లీ పొడిచి, కాయని పక్కకి విసిరేస్తుంటాడు అక్కడి పనివాడు. ఒంటి మీద చిరుగుల బనీను. నుదుటి మీద చెమట. చూడ్డానికి వెళ్లిన మనం స్వెట్టర్‌లో ముడుచుకుని ఉంటాం. సన్నటి మనిషే అతను. కొవ్వు లేకపోయినా కండ ఉంది, ఆ కండకి పని ఉంది, పనికి తగ్గ తిండి ఉంది.

మాస్టారు రోజూ స్టేషన్ రోడ్డులో నడుస్తారు. నడక గుండెకి మంచిది, కండ పెంచడానికి చాలదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పన్నెండు సార్లు, గోడకి చేతులు ఆనించి ఒంటిని తోయడం, అరబకెట్టు నీళ్లు చెరో చేత్తో ఎత్తి దించడం. వారానికి మూడు రోజులు, చాలు. పైన చెప్పిన మాంసకృత్తులు లేకుండా ఇవి చేస్తే అలసట తప్ప ఏమీ మిగలదు.

కప్పుకునే సంగతి

ఒక మందపాటి రగ్గు కన్నా రెండు పలచటి దుప్పట్లు నయం, మధ్యలో గాలి నిలుస్తుంది. లోపల బనీను, కాళ్లకి సాక్సు. మంకీ క్యాప్ మీద మనవాళ్లకున్న నమ్మకం కొంచెం ఎక్కువే. ఒంటి వేడిలో సగం తలలోంచి పోతుందన్న మాట నిజం కాదు, తల వాటా పదో వంతు చుట్టుపక్కలే. అయినా పెట్టుకోండి, తడి జుట్టుతో గాలిలో తిరగడం కన్నా మేలు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు వేడినీళ్ల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోవద్దు. కాలింది కూడా తెలియదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే వద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికని రెండు పెగ్గులు వేస్తే చర్మంలో రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది.

ఉద్దానంలో ఇంకో లెక్క

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల్లో ఉంటూ, మీ ప్రమేయం లేకుండా బరువు జారి, చలి మొదలైతే, అప్ప భయమే మీకు సరైన సలహా. ఇక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ ఖాయంగా తేలలేదు. షుగరూ బీపీ లేని మనిషికి, పొలం పనికి పోయే నడివయసు మనిషికి కూడా వస్తోంది. మొదట్లో కాళ్ల వాపు కూడా ఉండకపోవచ్చు.

కిడ్నీలు మూత్రం తయారుచేయడంతో ఆగవు. ఎర్ర రక్తకణాలు పుట్టించమని ఎముక మజ్జకి చెప్పే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను వాటి నుంచే వస్తుంది. కిడ్నీలు దెబ్బతింటే అది తగ్గి, రక్తం పలచబడి, చలి మొదలవుతుంది. ఆకలి పోతుంది. నోట్లో ఇనుము పెట్టుకున్నట్టు ఉంటుంది, ఇష్టంగా తిన్న కూర వాసనే పడదు. ఒళ్లు దురద, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం. తిండి తగ్గేసరికి కండ కరుగుతుంది. ఈ గుర్తుల్లో రెండు కనబడ్డా పరీక్షకి వెళ్లాలి.

చేయించాల్సినవి: రక్తంలో క్రియాటినిన్, దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో అల్బుమిన్, హిమోగ్లోబిన్. ఇక్కడ ఒక చిక్కుంది. క్రియాటినిన్ కండల నుంచి పుట్టేది. బాగా చిక్కిపోయి కండ కరిగిన మనిషికి కిడ్నీ దెబ్బతిన్నా ఆ అంకె తక్కువగానే కనబడి మోసం చేయొచ్చు. రిపోర్టులో ఎర్ర గుర్తు లేదని ఊరుకోకుండా, బరువు ఎంత పోయిందో డాక్టరుకి చెప్పండి. ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు మూడు నెలలకి పైగా ఉంటే కిడ్నీ జబ్బు కింద లెక్క. రక్తం, మూత్రం పరీక్షలకి ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. అవసరమైతే పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి.

"సూపిస్తే ఏదోటి సెప్తారు, సూపించకపోతే హాయిగుంటాం" అనే మాట ఈ ఊళ్లలో వింటూనే ఉంటాం. ఇంట్లో ఒకరిని డయాలిసిస్‌కి తిప్పిన కుటుంబం ఆ మాట అంటే తప్పుపట్టలేను. కానీ ముందే తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. ఒళ్లునొప్పుల మాత్రలు మానడం, బీపీ అదుపులో పెట్టడం, మూత్రంలో అల్బుమిన్ పోకుండా మందు వాడడం. వీటితో డయాలిసిస్ ఏళ్ల తరబడి వెనక్కి జరగొచ్చు.

మాస్టారి కంచం గురించి చెప్పినవేవీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి వర్తించవు. అందుకే ఆయన రిపోర్టు ముందు చూసింది. డయాలిసిస్ మొదలుకాని రోగికి మాంసకృత్తులు మితంగా ఉండాలి, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి మామూలుకన్నా ఎక్కువ కావాలి. ఎంతో మీ డాక్టరే చెప్పాలి. జిమ్ కుర్రాళ్లు అమ్మే పౌడరు డబ్బా, క్రియాటినిన్ తెలియకుండా ఎవరూ ముట్టుకోవద్దు. డయాలిసిస్ నడిచేటప్పుడు రక్తం ఒంటి బయట తిరిగొస్తుంది కాబట్టి చలేస్తుంది, దుప్పటి తీసుకెళ్లండి. ఒణుకుతో జ్వరం వస్తే మాత్రం అది వేరు, వెంటనే నర్సుకి చెప్పాలి.

కిడ్నీలు బాగున్నాయని తేలినా పని అయిపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అన్నం తగ్గించి టీ పెంచే ఇల్లాళ్లకి ఇది ఇంకాస్త దగ్గర. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 లోపు ఉంటే చలికి అదే కారణం కావచ్చు. భోజనానికీ టీకీ గంట ఎడం ఉంచితే తిండిలోని ఇనుము ఒంటపడుతుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, అదీ చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే. తిండికి నెలకి ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు అయింది.

పెళ్లి చూపుల కోసమో కాలేజీలో ఎవరో ఏదో అన్నారనో తిండి మానేస్తున్న అమ్మాయి ఇంట్లో ఉంటే, చలితో పాటు నెలసరి మూడు నెలలు ఆగిందేమో వాళ్లమ్మ నెమ్మదిగా అడగాలి. తిట్టి తినిపిస్తే తీరేది కాదది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన విషయం.

ఇక మాత్రలు. బీపీకి, గుండె దడకి ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి చేతులూ కాళ్లూ చల్లబరుస్తాయి. అలాగని ఉన్నపళంగా ఆపితే గుండెకి ప్రమాదం, డాక్టరే మార్చాలి. గ్లిమెపిరైడ్ కానీ ఇన్సులిన్ కానీ వాడుతూ బరువు తగ్గినవాళ్లకి చల్లటి చెమట, ఒణుకు, కళ్లు తిరగడం వస్తే దాన్ని చలి అనుకుని దుప్పటి కప్పకండి. షుగరు 70 కన్నా కిందికి పడిపోయి ఉండొచ్చు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. మాస్టారికి ఒకసారి ఇలాగే అయింది. ఆయన వేసుకుంటున్న మాత్ర 86 కిలోలప్పుడు రాసింది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కొత్త రిపోర్టులతో పాటు పాత చీటీ కూడా తీసుకెళ్లండి, దాని మీద అప్పటి బరువు రాసి ఉంటుంది.